సాయిప్రియ వేసిన పొడుపుకథ

మున్సిపాలిటీ ఎన్నికల ప్రకటన వచ్చిన నాటి నుంచి ఆళ్లగడ్డలో మా అంగడికి బేరాలు తగ్గిపోయాయి. మాది స్టీలు సామాన్ల అంగడి. శనగలు ఇళ్ళకు చేరి, అహోబిలం తిరునాళ్ళు దగ్గరపడి, పెళ్ళి ముహూర్తాలు మొదలయ్యే ఆ నెలన్నరే మాకు ఏడాది మొత్తానికి ఆధారం. ఆ ఏడు మాత్రం జనం సామాన్ల వైపు చూడలేదు. ఏ అరుగు మీద విన్నా ఎవరు నిలబడతారు, ఎవరు పడిపోతారు అన్న మాటే.

ఆ గొడవేదీ అంటకుండా రోజూ పొద్దున ఆరు గంటలకు నా ఫోన్లో ఒక పొడుపుకథ దిగేది.

నంద్యాల బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న ముగ్గురం మేము. ఉషశ్రీ అక్కడే జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తుంది. నేను జనార్దనాన్ని చేసుకుని ఆళ్లగడ్డ వచ్చాను. మూడేళ్ళ తర్వాత సాయిప్రియ కూడా ఇదే ఊరికి కోడలైంది. మా ఇంటికీ వాళ్ళింటికీ రెండు వీధుల దూరం. అయినా మేమిద్దరం కలిసి కూర్చున్నది ఏడాదికి రెండు మూడు సార్లే. ఆమె మామ మద్దిలేటికి దొర్నిపాడు వైపు పొలాలున్నాయి. ఆళ్లగడ్డలో రెండంతస్తుల ఇల్లుంది. మా వార్డులో ఆయన మాటకు ఎదురు లేదు. ఆ ఇంటి ఆడవాళ్ళు ఊరికే గడప దాటరు.

అందుకే ఉషశ్రీ మా ముగ్గురికీ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టింది. రోజుకొకరి వంతు. పొద్దున ఒకరు కథ వేయాలి, దీపాలు పెట్టే వేళలోగా మిగతా ఇద్దరూ విప్పాలి. పుస్తకాల్లోవీ పెద్దవాళ్ళు చెప్పినవీ వద్దు, సొంతంగా కట్టాలని ఉషశ్రీ షరతు.

నాకు విప్పడం వచ్చు, కట్టడం రాదు. నా వంతు వచ్చినప్పుడల్లా ఏదో అతికించి వేసి తిట్లు తినేదాన్ని. కట్టడంలో సాయిప్రియదే పైచేయి. "రెండు వేళ్ళు దూరిస్తే నోరు తెరుస్తుంది, నోరు మూస్తే ఒకటి రెండవుతుంది" అని కత్తెర మీద వేసిందొకసారి. బడిలో పిలిస్తే తప్ప పలకని పిల్ల ఇంత పదునుగా ఎలా కడుతుందా అనుకునేదాన్ని.

మా వార్డు ఆడవాళ్ళకు కేటాయించారు. మద్దిలేటి కోడలి చేత నామినేషన్ వేయించాడు. తెల్లారేసరికి బజారంతా ఫ్లెక్సీలు. పెద్ద ఫోటో ఆయనది, పక్కన చిన్నది సాయిప్రియది. పెళ్ళి ఫోటోలోంచి కత్తిరించారేమో, మెడలో పూలదండ సగానికి తెగి కనిపిస్తోంది.

"ఏందీ, కౌన్సిలర్ అయిపోతాండావా? మాకు చెప్పనే లేదు" అని గ్రూపులో పెట్టాను. జవాబు లేదు. మర్నాడు ఆమె వంతు. ఆరు గంటలకు కథ మాత్రం వచ్చింది.

"ఒక్కటే కాలు, అడుగడుక్కీ దబదబ.
ఊరందరి బియ్యంలో మూతి.
ఎంత మింగినా కడుపు లేదు.
పని తీరితే గోడకానుకుని పెద్దమనిషి."

పాలు పొంగేలోపు విప్పేశాను. రోకలి. ఉషశ్రీ కాలేజీకి పోతూ విప్పింది. "గోడకానుకుని పెద్దమనిషి అన్నావు చూడు, అది బాగుండాది మే" అని మెచ్చుకుంది. నాకు రోకలి తప్ప ఇంకో జవాబు తట్టలేదు. తట్టి ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మధ్యాహ్నం భోజనానికి లోపలికొచ్చిన జనార్దనం గ్యాస్ బుకింగ్ మెసేజీ కోసం నా ఫోన్ తీసుకున్నాడు. కథ కంటబడి నవ్వాడు.

"మా అంగళ్ళ గ్రూపులో వేస్తాండా. విప్పుతారేమో చూద్దాం" అన్నాడు.

నేను మజ్జిగ కలుపుతూ సరే అన్నాను.

అంగళ్ళ గ్రూపులో నూట ఎనభై మంది. ఒకరు గొడుగన్నారు, ఒకరు కొంగన్నారు. సాయంత్రానికి ఎవరో రాశారు: "మన వార్డులోనే ఉండాడు కదప్పా, ఊతకర్ర పట్టుకుని." దాని కింద నవ్వు బొమ్మలు వరసగా దిగాయి.

మద్దిలేటి కుడికాలు ఇరవై ఏళ్ళ కిందట అహోబిలం దారిలో జీపు బోల్తా పడి నుజ్జయింది. అప్పటి నుంచి కర్ర మీద బరువు వేసి నడుస్తాడు. మనిషి కంటే ముందు చప్పుడు వస్తుంది. నెల కిందట రేషన్ బియ్యం మూటలున్న లారీని హైవే మీద పట్టుకున్నారు. అది ఎవరిదో పేపర్లో రాలేదు గానీ ఊళ్ళో అందరూ తెలిసినట్టే మాట్లాడుకున్నారు.

గ్రూపు చూడగానే "తీసెయ్" అన్నాను. జనార్దనం తీసేశాడు. అప్పటికే అది వీధులు దాటిపోయింది. మూడో రోజు పొద్దున అవతలి వర్గం ఆటో మా అంగడి ముందే నిలబడి మైకులో ఆ నాలుగు ముక్కలూ చదివింది. "జవాబు మీకే తెలుసు తల్లుల్లారా, అన్నల్లారా" అని ముందుకు పోయింది.

ఆ రోజే మద్దిలేటి మనుషులు ఇద్దరు అంగడికి వచ్చారు. మా ఇల్లు అంగడి వెనకే. నేను తెర వెనక నిలబడి విన్నాను. ఒకడు గల్లాపెట్టె మీద తన ఫోన్ పెట్టాడు. రెండోవాడు పేర్చిన తపేలాలను వేలితో ఒక్కొక్కటే కొట్టి మోగిస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"శెట్టీ, ఇది యాడ్నుంచి వచ్చింది?"

"ఎవరో పంపినారప్పా. ఊరికే వేసినా" అన్నాడు జనార్దనం.

"మొదట వేసింది నువ్వే. టైముతో సహా ఉండాది. నీకు ఎవరు పంపినారు?"

తపేలా ఇంకొకటి మోగింది.

"మా ఇంటామె ఫోన్లో వచ్చింది" అన్నాడు నా మొగుడు.

"అట్ల చెప్పు. రేపు పదకొండు గంటలకు అన్న ఇంటికి రమ్మన్నాడు. అమ్మను పిలుచుకుని రా. ఊరికే, మాట్లాడేదానికే."

వాళ్ళు పోయాక జనార్దనం లోపలికి వచ్చి మంచినీళ్ళు తాగాడు. నా మొహం చూడకుండానే అన్నాడు.

"సాయిప్రియ పేరు చెప్పేసెయ్. వాళ్ళ కోడలు, వాళ్ళ ఇల్లు. వాళ్ళే చూసుకుంటారు."

"ఆ ఇంట్లో ఆమె బతుకు ఏమైతుందో తెలుసా నీకు?"

"మన అంగడి ఏమైతుందో తెలుసు."

సాయిప్రియకు ఫోన్ చేశాను. ఆమె భర్త రాజశేఖర్ ఎత్తాడు. "సాయి పనిలో ఉండాదక్కా. ఏమన్నా చెప్పాల్నా?" అని మెల్లగా అడిగాడు. ఏం లేదన్నాను. పది నిమిషాలకు గ్రూపులోంచి సాయిప్రియ పేరు పోయింది.

ఇంట్లో నిలవలేక బస్సెక్కి నంద్యాల పోయాను. ఉషశ్రీ కాలేజీ వరండాలో పేపర్లు దిద్దుకుంటోంది. నన్ను చూడగానే ఎర్ర పెన్ను మూసేసి, చెట్టు కిందికి తీసుకుపోయింది. అంతా చెప్పాను.

"నా పేరు చెప్పు" అంది వెంటనే. "నేను కట్టి పంపినానని చెప్పు. నంద్యాలలో ఉండేదాన్ని, నన్నేం చేస్తారు?"

"గవర్నమెంటు ఉద్యోగం నీది. ఎన్నికల్లో వేలు పెట్టినావని ఒక కాగితం రాసినా చాలు."

ఉషశ్రీకి ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన అత్త.

"మరి ఎవరి పేరు చెప్తావు, ఇందూ?" అంది.

బస్సు ఎక్కించేటప్పుడు నా చేతిలో అరటిపళ్ళ సంచి పెట్టి, "సాయి పేరు మాత్రం చెప్పొద్దు మే. ఆ పిల్ల తట్టుకోలేదు" అంది. దారి పొడుగునా అదే మాట మనసులో తిప్పుకున్నాను. ఆళ్లగడ్డలో దిగేసరికి ఏం చెప్పాలో తేల్చుకున్నాను. జనార్దనానికి మాత్రం చెప్పలేదు.

మర్నాడు మద్దిలేటి ఇంటి హాల్లో పన్నెండు మంది దాకా మగవాళ్ళున్నారు. అందరూ వార్డులో ఆయన తరఫున తిరిగేవాళ్ళే. ఆయన చెక్క కుర్చీలో, కర్ర మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. రాజశేఖర్ గోడవార నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు.

"కూచో అమ్మా" అని నాకు కుర్చీ వేయించాడు మద్దిలేటి. జనార్దనానికి వేయించలేదు.

"ఎవరు కట్టినారమ్మా ఇది?"

అప్పుడే సాయిప్రియ మజ్జిగ గ్లాసులు తెచ్చింది. ఇస్త్రీ చీర, మెడలో పార్టీ కండువా. అందరికంటే ముందు నా దగ్గరికి వచ్చింది. గ్లాసు ఇస్తూ నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి గట్టిగా నొక్కింది. తలెత్తి సూటిగా నా కళ్ళలోకి చూసింది. ఒక క్షణం ఎక్కువే నిలబడింది. చెప్పొద్దు అంటోందనుకున్నాను.

"నేనే కట్టినా అన్నా" అన్నాను.

జనార్దనం తల నా వైపు తిరగడం కనిపించింది. మజ్జిగ గ్లాసులు పంచుతున్న సాయిప్రియ చేయి ఆగి, మళ్ళీ కదిలింది.

"నువ్వా? నా కాలు మీదనా?"

"కాదన్నా. రోకలి మీద."

ఎవరూ నవ్వలేదు. మద్దిలేటి కర్రను నిమురుతూ అన్నాడు. "కాలు గురించి అంటే పడతానమ్మా. ఇరవై ఏండ్లుగా పడతాండా. బియ్యం గురించి అంటేనే ఓట్లు పోయేది." కాసేపు నన్నే చూశాడు. "నువ్వే కట్టినానంటాండావు. అయితే ఇంకోటి కట్టు. ఈడనే. అందరూ విననీ."

ఏడాదిగా గ్రూపులో నేను ఒక్కటి కూడా సరిగా కట్టింది లేదు. ఎవరో దగ్గారు. ఇంకెవరో చేతి వేళ్ళు విరిచారు. వంటింటి తలుపు తీసి ఉంది. లోపల, ప్రచారానికి పోయి వచ్చేవాళ్ళందరికీ అన్నం ఉడుకుతోంది. పెద్ద దబర మీద మూత ఆవిరికి ఎగిరెగిరి పడుతోంది. సాయిప్రియ ఆ తలుపు పక్కనే ఖాళీ పళ్ళెం పట్టుకుని నిలబడింది.

మెల్లగా, ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ చెప్పాను.

"ఉడికేదాని నెత్తిన కూచుంటాను.
లోపల ఏముందో తెలుసు, చెప్పను.
వేడికి వణుకుతాను, లేచిపోను.
పట్టి ఎత్తితే మాత్రం కన్నీళ్ళు కారుస్తాను."

మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన ఇంజను అన్నాడు. ఇంకొకాయన మేఘం అన్నాడు.

"మూత, మామా" అంది సాయిప్రియ.

అంత మెల్లగా అన్నా అందరికీ వినబడింది. మద్దిలేటి తల తిప్పి కోడలి వైపు చూశాడు. ఆమె చూపు దించలేదు.

"మా కోడలికి బాగానే తెలుసే" అన్నాడాయన చివరికి. అప్పుడు కొంతమంది నవ్వారు. ఆయన నా వైపు తిరిగాడు. "సరేనమ్మా. కట్టడం వచ్చు నీకు. కట్టిన నోటితోనే విప్పు. రేపట్నుంచి మా కోడలి వెంట వార్డంతా తిరుగు. ఇది నేను కట్టినా, రోకలి మీద కట్టినా అని ఇంటింటికీ చెప్పు. శెట్టి అంగడికి నాది పూచీ."

దారిలో జనార్దనం నా కంటే నాలుగడుగులు ముందు నడిచాడు. అంగడి తాళం తీస్తూ అన్నాడు.

"నీకు అంగడి కంటే స్నేహితురాలే ఎక్కువైంది."

"నా పేరు చెప్పేదానికి నీకు ఎంతసేపు పట్టింది?"

ఆ తర్వాత చాలా రోజులు మా మధ్య అన్నం, తాళాలు, కరెంటు బిల్లు తప్ప వేరే మాటల్లేవు.

పది రోజులు తిరిగాను. పొద్దున ఏడింటికి మొదలై ఎండ నెత్తికెక్కే దాకా, మళ్ళీ నాలుగు నుంచి పొద్దుగూకే దాకా. సాయిప్రియ చేతులు జోడించి ఒకే మాట అనేది: "మీ బిడ్డను, ఆశీర్వదించండి." తర్వాత నా వంతు. మొదటి రోజు కృష్ణమ్మ అనే ముసలామె అంతా విని, లోపలికి పోయి నిజంగా రోకలి తెచ్చి నా ముందు గోడకు ఆనించింది.

"ఇదేనా నువ్వు కట్టింది? దీనికి రేషన్ కార్డు లేదు కదమ్మా" అంది.

వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుతోనే నాకు దారి దొరికింది. తర్వాతి ఇళ్ళలో నేనే ముందు నవ్వి, మీ ఇంట్లో రోకలి యాడుందో చూపించండి అని అడిగేదాన్ని. ఆడవాళ్ళు పాత కథలు గుర్తు చేసుకుని నాకే వేసేవారు. నేను టకటకా విప్పేదాన్ని. వారం తిరిగేసరికి అవతలి వర్గం ఆటో ఆ నాలుగు ముక్కలు చదివితే "రోకలి" అని పిల్లలే అరవడం మొదలుపెట్టారు. వాళ్ళు దాన్ని మానేశారు. నేను చేసిన పని నాకే గొప్పగా అనిపించింది.

సాయిప్రియతో ఒంటరిగా మాట్లాడే వీలు మాత్రం ఒక్కసారీ రాలేదు. ఎప్పుడూ చుట్టూ అరడజను మంది ఆడవాళ్ళు, వెనక రాజశేఖర్ బండి. ఒకసారి ఇరుకు సందులో పక్కపక్కన నడుస్తూ "ధైర్యంగా ఉండు" అని గొణిగాను. ఆమె ముందుకే చూస్తూ "నువ్వు బాగా చెప్తాండావు" అంది. మెచ్చుకుందనుకున్నాను.

యాభై ఒక్క ఓట్లతో గెలిచింది. డప్పులు మా వీధిలోంచే పోయాయి. మర్నాడు మద్దిలేటి మా ఇంటికి మిఠాయి డబ్బా పంపించాడు. దాంతోపాటు వాళ్ళ బంధువుల పెళ్ళికి సామాన్ల ఆర్డరు కూడా. జనార్దనం ఆ చీటీ రెండుసార్లు చదివి, నాకు వినబడేలా "పోనీలే, అంతా మంచికే జరిగింది" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఒకరి కాపురం నిలబెట్టాను, మా అంగడి నిలబెట్టాను అని ఉషశ్రీకి ఫోన్లో చెప్పుకున్నాను కూడా.

ఎనిమిది రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం, బజారులో షట్టర్లు సగానికి దించిన వేళ, సాయిప్రియ ఒక్కతే వచ్చింది.

"అందరూ అహోబిలం తిరునాళ్ళకు పోయినారు. తలనొప్పని ఆగిపోయినా" అంది. నీళ్ళు అడిగి చెంబెడు తాగింది. గల్లాపెట్టె దగ్గర జనార్దనం ఉన్నా పట్టించుకోలేదు.

"ఎందుకు చేసినావట్ల?" అంది నాతో.

"ఏది?"

"ఆ రోజు. నువ్వే కట్టినానని."

"నీ పేరు ఎట్ల చెప్తా మే?"

"నీ వేళ్ళు ఎందుకు నొక్కినాననుకున్నావు?"

"చెప్పొద్దని."

"చెప్పమని."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె స్టూలు మీద కూర్చుని చెంబు కింద పెట్టింది.

"అంతమంది ముందర నువ్వు నా పేరు చెప్పింటే ఆయన నన్ను నిలబెట్టేటోడు కాదు. నామినేషన్ వెనక్కి తీసుకునేదానికి ఇంకా ఒకరోజు గడువుండె. తిట్టేటోళ్ళు, మా అమ్మగారింటికి తోలేటోళ్ళు. అంతే కదా. ఐదేండ్లు ఆయన చూపిచ్చిన చోట సంతకం పెట్టే పని తప్పిపోతుండె."

"నువ్వే చెప్పొచ్చు కదా."

"నోటి దాకా వచ్చింది. రాలే. మూత అన్నా, అంతే."

"అంటే ఆ రోకలి కథ..."

"ఆయన మీదే కట్టినా. నీకు తెలుస్తాదనుకున్నా. రోకలి అని పెట్టి ఊరకైపోతివి." ఆమె స్టూలు నా వైపు జరుపుకుంది. "తోటలో మా కొట్టం నిండా బియ్యం మూటలే, ఇందూ. మా పాప ఆడుకుంటా పోయి వాటి మీద ఎక్కి కూచునింటే దించుకోనొచ్చినా. ఎవరితో చెప్పాల? ఆ ఇంట్లో నేను చెప్పేది వినేటోళ్ళు లేరు. మీ ఇద్దరితోనే చెప్పినా, నాకు చేతనైనట్టు."

నేను తిరిగిన పది రోజులూ, తట్టిన గడపలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. యాభై ఒక్క ఓట్లు. అందులో నేను నవ్వించి తెచ్చినవి ఎన్నో. ఆమె మీద కోపం రావాలి, మా అంగడిని నిప్పుల్లోకి ఈడ్చినందుకు. వచ్చింది కూడా. కానీ దాని కంటే ముందు సిగ్గు వచ్చింది. ఆ చూపుకు అర్థమేమిటో ఒక్కసారి కూడా అనుమానించకుండా, నా గొప్ప కోసం నేనే అర్థం చెప్పేసుకున్నాను.

"ఎల్లుండి ప్రమాణం" అంది సాయిప్రియ. "దానికి ముందే ఆయనతో చెప్పాల. ఒక్కదాన్నే పోతే మళ్ళీ నోరు పెగలదు. వస్తావా?"

"ఇప్పుడెందుకమ్మా, అంతా సర్దుకున్నాక" అన్నాడు జనార్దనం గల్లా దగ్గర నుంచి.

నేను చెప్పులు వేసుకున్నాను.

వాళ్ళు అహోబిలం నుంచి తిరిగొచ్చేసరికి సాయంత్రం ఐదయింది. మేము వరండాలో కూర్చుని ఉన్నాం. మద్దిలేటి జీపు దిగి, పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని తువాలుతో కుడికాలు తుడుచుకుంటున్నాడు. మోకాలి నుంచి మడమ దాకా గట్లు కట్టిన మచ్చ. రాజశేఖర్ పాపను ఎత్తుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"మామా, ఆ కథ ఇందు కట్టలే. నేను కట్టినా" అంది సాయిప్రియ.

"తెలుసు" అన్నాడాయన తలెత్తకుండా.

తువాలు మెల్లగా పిండాడు.

"నీ ఫోన్ మొగుడు చూడలేదనుకున్నావా? మనవాళ్ళందరికీ అనుమానం పట్టుకునింది, ఇది ఇంట్లోంచే పోయిందని. వాళ్ళ ముందర బయటోళ్ళెవరో ఒప్పుకోవాల. స్నేహితురాలు కదా, నీ పేరు చెప్పదని రాజశేఖర్ అన్నాడు. నాకు నమ్మకం లేకుండె." నా వైపు చూశాడు. "చెప్పలే ఈయమ్మ. మంచిదైంది. ఇంక లోపలికి పోయి కాఫీ పెట్టు."

సాయిప్రియ కదలలేదు.

"రోకలి మీద కాదు మామా. నీ మీదే కట్టినా."

"అదీ తెలుసు."

"ఎల్లుండి ప్రమాణం చేస్తా. ఆ తర్వాత నేను చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టను. కొట్టంలో మూటలు తీపించు. లేకుంటే మొదటి మీటింగులో నేనే అడుగుతా."

మద్దిలేటి చేయి ఆగింది. "నిన్ను గెలిపించింది నేను."

"ఓట్లు నా పేరు మీద పడినాయి."

కర్ర అందుకుని లేచాడు. కొడతాడేమోనని నేను ముందుకు జరిగాను. ఆమె కంటే చాలా పొడవైన మనిషి, నిలబడి ఏం చేయాలో తోచనట్టు కర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఆమె చేత నామినేషన్ వేయించగలిగాడు గానీ, గెలిచాక ఆమెను దించడం ఆయన చేతిలో లేదు. అది ఆయనకు మా కంటే బాగా తెలుసు.

"ఈ ఇంట్లో ఉంటూనా?" అన్నాడు.

"ఉండనులే."

"పాప?" అన్నాడు రాజశేఖర్. ఆ సాయంత్రం అతను అన్నది అదొక్క మాటే.

సాయిప్రియ చేతులు చాచింది. అతను తండ్రి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, తర్వాత పాపను ఆమెకు అందించాడు.

తర్వాత జరిగింది ఊరందరికీ తెలుసు. నాలుగు రోజుల్లో కొట్టం ఖాళీ అయింది. మూటలు యాడికి పోయాయో ఎవరూ చెప్పలేదు. సాయిప్రియ ప్రమాణం చేసింది. మొదటి మీటింగులో రాసుకుపోయిన కాగితం ఆపకుండా చదివిందట. రాజశేఖర్ ఆదివారాలు వచ్చి పాపను బజారుకు తీసుకుపోతాడు, గడప అవతలే నిలబడతాడు. పొద్దున ఆరు గంటల కథలు మాత్రం మళ్ళీ మొదలుకాలేదు. ఎవరి వంతో అడిగే ధైర్యం ముగ్గురిలో ఎవరికీ రాలేదు.

కానీ వాటన్నిటి కంటే ముందు, ఆ సాయంత్రం, ఒక బట్టల సంచీతో ఆమెనూ పాపనూ వెంటబెట్టుకుని మా గడప ఎక్కడమే నాకు కష్టమైంది. మేడ మీద రెండు గదులున్నాయి, సామాన్ల అట్టపెట్టెలు నింపి పెట్టాం. జనార్దనంతో ఒక్క మాట కూడా అనుకోకుండానే ఆమెను తీసుకొచ్చేశాను.

అతను గల్లా దగ్గరే ఉన్నాడు. జరిగింది చెప్పాను. సంచీ వైపు చూశాడు, తల్లి భుజం మీద నిద్రపోతున్న పాప వైపు చూశాడు.

"పెళ్ళి ఆర్డరు పోయినట్టే" అన్నాడు.

"పోయినట్టే" అన్నాను.

గల్లా మూసి, తాళాల గుత్తి తీసుకుని మెట్లెక్కాడు. పైన అట్టపెట్టెలు ఈడుస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. మేము కిందే నిలబడ్డాం. తర్వాత దుమ్ము కొట్టుకున్న తలతో మెట్ల మలుపు దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

"పైన కొళాయి రాదు, రేపు మనిషిని పిలిపిస్తా" అన్నాడు. "పాపను ముందు ఇట్లియ్యండి, మెట్లు ఇరుకు."